వంటింటి పద్దు

ప్రవేశిక

ఆదాయం నెలకొకసారి చేతికి వస్తుంది. ధర ఏ పూటనైనా పెరుగుతుంది. ఈ రెండింటి నడుమ కుటుంబాన్ని ఆకలి ఎరుగకుండా నడుపుకొని రావడం ఒక విద్య. ఏ విశ్వవిద్యాలయమూ పట్టా ఇవ్వని ఈ విద్యను తెలుగు గృహిణులు తరతరాలుగా ఒకరి నుండి ఒకరు నేర్చుకొంటూ వచ్చారు. అయితే కాలం మారింది. ఒకప్పుడు గాదెలో ధాన్యం, జాడీలో చింతపండు నిలువ ఉన్న ఇంటికి, నేడు చిన్న చిన్న పొట్లాలలో సరుకులు చేరుతున్నాయి. పసుపు పంటకు పేరుపొందిన ఆర్మూరు పట్టణాన్ని ఆధారంగా చేసుకొని, ధరలు పెరిగే కాలంలో మితవ్యయాన్ని ఎట్లా పాటించాలో, దేనిని మితవ్యయం అనకూడదో వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

కల్లం నుండి అంగడి దాకా

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు రెండు రహదారులు కలిసే కూడలి. శ్రీనగర్ నుండి కన్యాకుమారికి సాగే 44వ నంబరు జాతీయ రహదారిని ఇక్కడ 63వ నంబరు జాతీయ రహదారి దాటుతుంది. బండరాళ్ళను ఒకదానిపై ఒకటి పేర్చినట్లు కనిపించే నవనాథ సిద్ధుల గుట్ట ఈ పట్టణానికి ఆనవాలు. చుట్టుపక్కల పల్లెలలో తొలకరికి నాటిన పసుపు ఎనిమిది తొమ్మిది నెలలు భూగర్భంలో పెరిగి, సంక్రాంతి దాటిన తరువాత తవ్వకానికి వస్తుంది. రైతులు దుంపలను ఉడకబెట్టి, కల్లాలలో ఎండబోసి, పాలిష్ పట్టి, కొమ్ములను గోళల నుండి వేరుచేసి బస్తాలకు ఎత్తుతారు. సుమారు ఐదు క్వింటాళ్ళ పచ్చి పసుపు ఎండితే ఒక క్వింటాలు మిగులుతుంది. ఆ బస్తాలు నిజామాబాదు మార్కెట్ యార్డుకు చేరుతాయి. మంచి ధర ఆశించి కొందరు రైతులు మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా తీసుకొని పోతారు.

బస్తాలు పోయిన దారినే కొన్నాళ్ళకు రంగురంగుల పొట్లాలు తిరిగి వస్తాయి. క్వింటాళ్ళలో అమ్ముడైన పసుపు యాభై గ్రాములు, వంద గ్రాముల పరిమాణంలో కిరాణా దుకాణంలో వేలాడుతుంది. దళారి కమీషన్, హమాలీ కూలి, మరపట్టిన ఖర్చు, రవాణా, పొట్లం విలువ, ప్రకటనల వ్యయం, పన్ను, చిల్లర వర్తకుని లాభం అన్నీ ఆ పొట్లం ధరలో చేరి ఉంటాయి. వీటిలో అనేకం న్యాయమైన ఖర్చులే. కాని పసుపు పండే ఊరిలోనే పసుపు పొట్లం కొనే గృహస్థు, తాను పసుపుకు ఎంత చెల్లిస్తున్నాడో, పొట్లానికి ఎంత చెల్లిస్తున్నాడో ఒకసారి ఆలోచించుకోవాలి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. తెలిసిన రైతు వద్ద ఏడాదికి సరిపడా కొమ్ములు కొని, ఎండబెట్టి, ఊరి మరలో పట్టించుకొన్న కుటుంబానికి డబ్బు మిగులుతుంది. తినే వస్తువు ఎక్కడిదో కూడా తెలుస్తుంది. మితవ్యయంలో మొదటి పాఠం ఇదే: వస్తువు ధరను, వస్తువు చుట్టూ చేరిన ఖర్చులను వేరుచేసి చూడగలగడం.

ధరలు ఎందుకు పెరుగుతాయి?

ఆదాయం తక్కువైన కొద్దీ అందులో ఆహారం మీద పెట్టే ఖర్చు నిష్పత్తి పెరుగుతుందని జర్మనీ గణాంకశాస్త్రవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లో ప్రతిపాదించాడు. నేటికీ అది సత్యమే. 2022-23 సంవత్సరంలో భారత ప్రభుత్వం జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం, గ్రామీణ కుటుంబం ఖర్చుపెట్టే ప్రతి వంద రూపాయలలో సుమారు 46 రూపాయలు, పట్టణ కుటుంబం ఖర్చుపెట్టే వంద రూపాయలలో సుమారు 39 రూపాయలు ఆహారానికే పోతున్నాయి. కనుక పప్పుబియ్యాల ధర పెరిగినప్పుడు ధనిక కుటుంబం లెక్కలో అది ఒక చిన్న మార్పు; పేద కుటుంబంలో పిల్లవాని పుస్తకానికో, వృద్ధుల మందులకో వచ్చే కోత.

ధరల పెరుగుదలకు కారణాలు అనేకం. 2015లో వర్షాభావం వలన అపరాల దిగుబడి తగ్గి, కందిపప్పు కిలో రెండు వందల రూపాయల వరకు చేరింది. 2019 చివర అధిక వర్షాలకు పంట దెబ్బతినగా ఉల్లిగడ్డ అనేక నగరాలలో వంద రూపాయలు దాటింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వలన పొద్దుతిరుగుడు నూనె సరఫరా దెబ్బతిన్నది. అదే సంవత్సరం ఏప్రిల్ చివర ఇండొనేషియా పామాయిల్ ఎగుమతిని నిలిపివేసి, మే మాసంలో తిరిగి అనుమతించింది. వంట నూనెలలో సగానికి పైగా దిగుమతి చేసుకొనే మన దేశంలో ఆ ప్రభావం ప్రతి ఇంటి మూకుడులోనూ కనిపించింది. 2023 జూలైలో టమాట ధర వంద రూపాయలను మించిపోయింది. ఎక్కడో కురిసిన వాన, ఎక్కడో పేలిన ఫిరంగి ఆర్మూరులోని ఒక వంటింటి పొయ్యి మీది తాలింపును శాసించగలవని ఈ సంఘటనలు తెలుపుతున్నాయి.

అయితే ధర పెరిగినట్లే తగ్గుతుంది కూడా. 2024 అక్టోబరులో దేశంలో ఆహార ద్రవ్యోల్బణం 10.87 శాతం ఉండగా, సరిగ్గా ఏడాది తరువాత, 2025 అక్టోబరులో, అది శూన్యం కంటే దిగువకు పడిపోయింది. అన్ని వస్తువుల ధరలు ఒకేసారి పెరగడమూ అరుదే. టమాట ప్రియమైననాడు చింతపండు, మామిడికాయ, గోంగూర పులుపు అందిస్తాయి. కందిపప్పు ప్రియమైననాడు పెసరపప్పు, శనగపప్పు ఉన్నాయి. ధరను బట్టి వంటను మార్చుకోగల ఇంటికి బజారు భయం సగం తగ్గుతుంది.

ఏది పొదుపు, ఏది కాదు?

ధరలు పెరగగానే అనేక కుటుంబాలలో ముందుగా కోతపడేవి పాలు, పప్పు, గ్రుడ్లు, ఆకుకూరలు, పండ్లు. అన్నం గిన్నె నిండుగానే ఉంటుంది కనుక లోటు కంటికి కనిపించదు. టీ పొడి, చక్కెర, చిరుతిండి పొట్లాలు మాత్రం జాబితాలో పదిలంగా ఉంటాయి. ఇంకొక కోత మరింత నిశ్శబ్దంగా జరుగుతుంది. అందరికీ వడ్డించిన తరువాత మిగిలినదానితో సరిపెట్టుకొనే ఇల్లాలి కంచంలో కూర తరుగుతుంది. ఆ తరుగు ఏ పద్దులోనూ రాయబడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో 15 నుండి 49 సంవత్సరాల వయస్సు గల స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనతతో బాధపడుతున్నారు. దీనికి కారణాలు అనేకం ఉన్నప్పటికీ, స్త్రీల కంచంలోని లోటు వాటిలో ముఖ్యమైనది.

కనుక పొదుపును పస్తుతో పొరబడకూడదు. కడుపు కాల్చి మిగిల్చిన రూపాయి రేపు ఆసుపత్రిలో పది రూపాయలుగా ఖర్చవుతుంది. పోషకవిలువను తగ్గించకుండా ఖర్చును తగ్గించినప్పుడే అది మితవ్యయం; పోషకవిలువనే తగ్గిస్తే అది లోభం, లేదా నిస్సహాయత. ఒక వస్తువును జాబితా నుండి తొలగించే ముందు, అది శరీరానికి ఏమి ఇస్తున్నదో ప్రశ్నించాలి. ఆ ప్రశ్నకు సమాధానం లేని వస్తువులే ముందుగా తొలగవలసినవి.

పద్దు రాయడం

'పిండి కొద్దీ రొట్టె' అన్నారు పెద్దలు. పిండి ఎంత ఉన్నదో తెలియనివానికి రొట్టె పరిమాణం తెలియదు. అందువలన ఇంటి ఖర్చును రాసిపెట్టుకోవడం మితవ్యయానికి పునాది. నోటుపుస్తకంలో నాలుగు గడులు గీస్తే చాలు: వస్తువు, బరువు, చెల్లించిన ధర, కిలోకు పడిన ధర. ఈ నాలుగవ గడి అతి ముఖ్యమైనది. చాలామంది రాయనిది కూడా అదే.

లెక్క సులభంగా అర్థం కావడానికి కొన్ని ధరలను ఊహించుకొందాం. ఒక కుటుంబానికి నెలకు నాలుగు కిలోల కందిపప్పు కావాలి. రెండు వందల గ్రాముల పొట్లం 36 రూపాయలు అయితే కిలో 180 రూపాయలు పడుతుంది. టోకు దుకాణంలో విడిగా కిలో 145 రూపాయలకు దొరికితే, నెలకు 140 రూపాయలు, ఏడాదికి 1,680 రూపాయలు మిగులుతాయి. ఇది ఒక్క వస్తువు లెక్క మాత్రమే. నూనె, బియ్యం, మిరపపొడి, సబ్బులకు ఇదే పద్ధతి పాటిస్తే మిగులు ఎంత ఉంటుందో విద్యార్థులే గణించి చూడవచ్చు. పెద్ద పొట్లం ఎల్లప్పుడూ చవక అనుకోవడమూ పొరపాటే. ఒక్కొక్కసారి రెండు చిన్న పొట్లాల ధర ఒక పెద్ద పొట్లం కంటే తక్కువగా ఉంటుంది. ధరను మార్చకుండా బరువును తగ్గించే వర్తకపద్ధతి కూడా ఉన్నది. గతంలో వంద గ్రాములు ఉన్న పొట్లం అదే ధరకు ఎనభై గ్రాములే ఇస్తే, ధర పెరగలేదని సంతోషించే కొనుగోలుదారు నిజానికి కిలోకు నాలుగవ వంతు అదనంగా చెల్లిస్తున్నాడు.

ఈ విషయంలో చట్టం వినియోగదారునికి తోడ్పడుతున్నది. 2009 నాటి తూనికలు కొలతల చట్టం, దాని కింద 2011లో వచ్చిన నియమాల ప్రకారం, పొట్లం మీద నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, తయారీదారుని చిరునామా ఉండాలి. 2021లో చేసిన సవరణ గ్రాముకో, కిలోకో ఎంత పడుతుందో తెలిపే ప్రమాణ ధరను కూడా ముద్రించాలని నిర్దేశించింది. కంటికి ఆనని అక్షరాలలో ఉన్నా దానిని వెతికి చదవడం అలవాటు చేసుకోవాలి. గరిష్ఠ ధర అంటే అంతకు మించి అమ్మరాదని అర్థం. అంతకే అమ్మాలని కాదు. అందువలన తక్కువకు అడగడం బిచ్చం కాదు, వినియోగదారుని హక్కు.

కాలం ఎరిగి కొనడం

ప్రతి పంటకు ఒక కాలం ఉన్నది. కోత ముగిసి సరుకు యార్డుకు చేరే రోజులలో సాధారణంగా ధర దిగుతుంది. కంది సంక్రాంతి తరువాత, మిరప, చింతపండు వేసవి మొదట్లో, పసుపు ఆ నెలలలోనే అంగడికి సమృద్ధిగా వస్తాయి. అందుకే పూర్వం ఏడాదికొకసారి సరుకులు కొని నిలువ చేసే ఆచారం ఏర్పడింది. వెదురుతో అల్లిన గుమ్మి, మట్టి గాదె, పింగాణి జాడీ ఆ ఇంటి ధాన్యాగారాలు. గింజలను బాగా ఎండబెట్టి వేపాకు కలపడం, తడి తగలని చోట గాలి చొరకుండా మూతవేయడం, నెలకొకసారి తీసి చూడడం ఆ నిలువ విద్యలోని సూత్రాలు. ఇవి పాటించకుండా ఎక్కువ కొంటే, మిగిల్చిన డబ్బును పురుగులు తింటాయి. పిండి, మరపట్టిన కారం, పల్లీలు త్వరగా పాడవుతాయి కనుక వాటిని ఎక్కువ కాలం నిలువ ఉంచకూడదు.

కూరగాయలలో ఈ సూత్రం మరింత స్పష్టం. ఆర్మూరు పక్కనే ఉన్న అంకాపూర్ గ్రామం విత్తనోత్పత్తికి, కూరగాయల సాగుకు, పచ్చి మక్క కంకులకు ప్రసిద్ధి చెందింది. అక్కడి సేద్యంలో స్త్రీల శ్రమ, నేర్పు ఎన్నదగినవి. ఇటువంటి ఊరు చేరువలో ఉన్నప్పుడు, పండినచోటనే కొనడం రైతుకూ గృహస్థుకూ మేలు. 1999 జనవరిలో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రారంభించిన రైతుబజార్ల లక్ష్యం కూడా ఇదే. కాపు ముమ్మరంగా ఉన్నప్పుడు టమాట, వంకాయ, కాకరకాయలను కోసి ఒరుగులుగా ఎండబెట్టడం, గుమ్మడికాయతో వడియాలు పెట్టడం పాత అలవాట్లే. అవి చౌక కాలాన్ని ప్రియమైన కాలానికి దాచిపెట్టే ఉపాయాలు.

పేదవాని చిన్న పొట్లం

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ ఉన్నది. ఏడాది సరుకు ఒక్కసారి కొనాలంటే చేతిలో డబ్బు ఉండాలి. రోజుకూలి మీద బ్రతికేవారు ఏ పూట కూలితో ఆ పూట నూనె, పప్పు కొంటారు. చిన్న పొట్లాలలో, కొన్నిసార్లు అరువు మీద కొంటారు కనుక వారు అదే వస్తువుకు ఉన్నవారి కంటే ఎక్కువ చెల్లిస్తారు. పేదరికానికి ఇదొక అదనపు పన్ను. టోకుగా కొనుమని వారికి హితవు చెప్పడం వలన ప్రయోజనం లేదు. టోకుగా కొనే శక్తిని కల్పించాలి.

ఆ శక్తి సంఘటితం కావడంలో ఉన్నదని చరిత్ర చెబుతున్నది. 1844లో ఇంగ్లండులోని రాక్‌డేల్ పట్టణంలో నేతపనివారు మొదలైన కార్మికులు కొద్ది కొద్ది సొమ్ము కూడబెట్టి ఒక చిన్న దుకాణం తెరిచారు. వెన్న, చక్కెర, పిండి, ఓట్ల పిండి వారి మొదటి సరుకులు. కల్తీ లేని వస్తువు, సరైన తూకం, కొన్నదానిని బట్టి సభ్యులకు లాభంలో వాటా వారి నియమాలు. నేటి వినియోగదారుల సహకారోద్యమానికి అది మార్గదర్శకం అయింది.

తెలుగు నేల మీదా ఇటువంటి ప్రయత్నాలు జరిగాయి. 2000 తరువాతి తొలి సంవత్సరాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెలుగు పథకం ద్వారా మహిళా సంఘాలు బియ్యం ఋణ విధానాన్ని చేపట్టాయి. ప్రతి సభ్యురాలి ఇంటికి ఆ నెలలో ఎంత బియ్యం కావాలో ముందుగా లెక్కవేసి, అందరికీ కలిపి టోకుగా కొని పంచేవారు. సభ్యులు ఆ సొమ్మును తరువాత వాయిదాలలో చెల్లించేవారు. పేరు రాయలేని స్త్రీలు సైతం బియ్యం నాణ్యతను పరీక్షించి, వర్తకునితో బేరమాడి, తూకం సరిచూసుకొన్నారు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘాలు 1990వ దశకంలో మరొక అడుగు వేశాయి. బీడుభూములలో జొన్న మొదలైన పంటలు పండించి, ఆ ధాన్యాన్ని ఊరిలోనే నిలువచేసి, అవసరమైన కుటుంబాలకు తక్కువ ధరకు అందించాయి. ఒక వీధిలోని పది కుటుంబాలు కలిసి ఒక బస్తా కందిపప్పు కొని పంచుకోవడం ఈ పరస్పరోపకారానికి అతి చిన్న రూపం. దానికి ప్రభుత్వ పథకం అక్కరలేదు. నమ్మకం, ఒక తక్కెడ చాలు.

ప్రభుత్వ పంపిణీ వ్యవస్థనూ చిన్నచూపు చూడరాదు. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుండి ఆహార భద్రత కార్డు గల కుటుంబాలకు మనిషికి నెలకు ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇవ్వడం ప్రారంభమైంది. నలుగురున్న ఇంటికి అది 24 కిలోలు. ఆ బియ్యం వలన మిగిలిన డబ్బు పప్పుకు, పాలకు, కూరగాయలకు మళ్ళినప్పుడే ఆ పథకం ప్రయోజనం కంచంలోకి పూర్తిగా చేరుతుంది.

చవకలోని ప్రమాదం, వృథాలోని నష్టం

ధర తక్కువని కల్తీ వస్తువు కొనడం పొదుపు కాదు. పసుపుపొడికి మెరుపు తేవడానికి మెటానిల్ ఎల్లో వంటి రంగులను, సీసం గల లెడ్ క్రోమేటును కలిపిన ఉదంతాలు ఉన్నాయి. సీసం పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ ఇంటిలోనే చేయదగిన ఒక పరీక్షను సూచించింది. గాజు గ్లాసెడు నీటిలో చెంచాడు పసుపు వేసి కదపకుండా ఉంచాలి. స్వచ్ఛమైన పసుపు అడుగుకు చేరుతూ నీటికి లేత రంగు ఇస్తుంది. రంగు కలిపినదైతే నీరు చిక్కని పసుపుపచ్చగా మారుతుంది. అనుమానం కలిగినప్పుడు ఆహార భద్రతాధికారికి తెలపాలి. తూకంలో, ధరలో మోసం జరిగితే 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు.

కొన్నది పారవేయడం మరొక నష్టం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ప్రచురించిన నివేదిక భారతదేశపు ఇళ్ళలో ఒక్కొక్కరు ఏడాదికి సుమారు 55 కిలోల ఆహారాన్ని వృథా చేస్తున్నట్లు అంచనా వేసింది. రాత్రి మిగిలిన అన్నం పొద్దున పులిహోర కావడం, పుల్లని మజ్జిగ చారు కావడం, ముదిరిన బీరకాయ తొక్కు పచ్చడి కావడం పేదరికపు గుర్తులు కావు. అన్నాన్ని గౌరవించే సంస్కారపు గుర్తులు.

రైతు, గృహస్థు: ఒకే నాణానికి రెండు ముఖాలా?

ఆర్మూరు వంటి ఊరిలో ధరల గురించి ఆలోచించేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. ధర పెరిగితే వంటిల్లు కలవరపడుతుంది. ధర పడిపోతే పొలం కన్నీరు పెడుతుంది. తరచుగా ఆ వంటిల్లు, ఆ పొలం ఒకే కుటుంబానివి. పసుపుకు గిట్టుబాటు ధర కావాలని, పసుపు బోర్డు ఏర్పడాలని కోరుతూ 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు స్థానం నుండి 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేసి బరిలో నిలిచారు. మొత్తం 185 మంది అభ్యర్థులతో ఆ ఎన్నిక దేశం దృష్టిని ఆకర్షించింది. 2023 అక్టోబరులో జాతీయ పసుపు బోర్డు ఏర్పాటును కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. నిజామాబాదు కేంద్రంగా 2025 జనవరిలో అది ప్రారంభమైంది.

అట్లయితే గృహస్థు చౌకను కోరడం రైతుకు ద్రోహమా? 2024లో రిజర్వు బ్యాంకు వెలువరించిన ఒక పరిశోధన పత్రం ఈ ప్రశ్నకు సమాధానం సూచిస్తున్నది. దాని అంచనా ప్రకారం, వినియోగదారుడు టమాటకు చెల్లించే రూపాయిలో రైతుకు దక్కేది సుమారు 33 పైసలు. ఉల్లిలో 36 పైసలు, ఆలుగడ్డలో 37 పైసలు. మిగిలినది దారిలో ఖర్చు కావడమో, ఆగిపోవడమో జరుగుతున్నది. గృహస్థు తగ్గించుకోవలసినది రైతు చేతికి వచ్చే ఆ మూడవ వంతును కాదు. తక్కిన రెండు వంతులలోని అనవసర భాగాన్ని. బండిమీద కూర అమ్మే వృద్ధురాలితో రెండు రూపాయలకు గీచి గీచి బేరమాడి, పెద్ద దుకాణంలో పొట్లం మీది ధర చదవకుండా సొమ్ము చెల్లించడం మితవ్యయం కాదు. పండించినవానికి న్యాయమైన ధర ఇస్తూనే దారిని కురచచేసుకోవడంలో ఇద్దరికీ లాభం ఉన్నది.

ముగింపు

ఇంటి ఖర్చు ఒక్కరి భారం కారాదు. కళాశాలలో శాతాలు, నిష్పత్తులు నేర్చుకొన్న యువతీయువకులు ఇంట్లో ఆ పద్దు పుస్తకాన్ని ఒకసారి తెరిచి చూడాలి. నాలుగవ గడిని నింపడం వారికి ఐదు నిమిషాల పని. ఆ పుస్తకంలో లేని ఒక లెక్కను కూడా వారు గమనించాలి: అందరికీ వడ్డించిన అమ్మ కంచంలో ఈ రోజు పప్పు ఎంత మిగిలింది? ఆ లెక్క సరిపోయినప్పుడే ఆ నెల పద్దు సరిపోయినట్లు.

కఠిన పదాలు – అర్థాలు

పద్దు = లెక్క, ఖాతాలో రాసిన అంశం
మితవ్యయం = తగినంత మాత్రమే ఖర్చు చేయడం
లోభం = పిసినితనం
గృహస్థు = ఇంటి యజమాని, కుటుంబం గలవాడు
కల్లం = పంటను నూర్చి, ఎండబెట్టే చోటు
దళారి = కొనేవానికీ అమ్మేవానికీ నడుమ ఉండి బేరం కుదిర్చేవాడు
టోకు = పెద్ద మొత్తంలో జరిపే క్రయవిక్రయం
చిల్లర = కొద్ది కొద్దిగా జరిపే క్రయవిక్రయం
ప్రియం = (ఇక్కడ) ఎక్కువ ధర గలది
అపరాలు = కంది, పెసర, మినుము మొదలైన పప్పుధాన్యాలు
గుమ్మి = ధాన్యం నిలువచేసే వెదురు బుట్ట
ఒరుగులు = ఎండబెట్టిన కూరగాయ ముక్కలు
గిట్టుబాటు = పెట్టుబడి పోను లాభం మిగలడం
ఆక్షేపణ = అభ్యంతరం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ధరలు పెరిగే కాలంలో కుటుంబం పాటించదగిన మితవ్యయ మార్గాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. 'పొదుపును పస్తుతో పొరబడకూడదు' అన్న వాక్యాన్ని సమర్థిస్తూ వ్యాసం రాయండి.

ఆ) లఘు సమాధాన ప్రశ్నలు
1. పేదవారు ఒకే వస్తువుకు ఎక్కువ ధర ఎందుకు చెల్లించవలసి వస్తున్నది?
2. బియ్యం ఋణ విధానాన్ని మహిళా సంఘాలు ఎట్లా నిర్వహించాయి?
3. రైతుకూ గృహస్థుకూ ఇద్దరికీ మేలు కలిగే మార్గం ఏది?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. రాక్‌డేల్ కార్మికులు దుకాణాన్ని ఏ సంవత్సరంలో తెరిచారు?
2. అంకాపూర్ గ్రామం దేనికి ప్రసిద్ధి?
3. గరిష్ఠ చిల్లర ధర అంటే ఏమిటి?

ఈ) వ్యాకరణం
సంధులు: వంటిల్లు = వంట + ఇల్లు (అకార సంధి); ఏడాదికొకసారి = ఏడాదికి + ఒకసారి (ఇకార సంధి); ధాన్యాగారం = ధాన్య + ఆగారం (సవర్ణదీర్ఘ సంధి); పరస్పరోపకారం = పరస్పర + ఉపకారం (గుణ సంధి).
సమాసాలు: పప్పుబియ్యాలు – పప్పును, బియ్యమును (ద్వంద్వ సమాసం), రెండు రహదారులు – రెండైన రహదారులు (ద్విగు సమాసం), వర్షాభావం – వర్షము యొక్క అభావం (షష్ఠీ తత్పురుష సమాసం).

ఉ) అభ్యాసకృత్యం
మీ ఇంటికి ఒక నెలలో వచ్చిన ఐదు సరుకుల బరువు, ధర నమోదు చేసి, కిలోకు పడిన ధరను లెక్కించండి. అవే సరుకులకు టోకు దుకాణంలోని ధరలు తెలుసుకొని, వ్యత్యాసాన్ని పట్టిక రూపంలో తరగతిలో ప్రదర్శించండి.